పెళ్లి చేసుకుంటే ఇన్నాళ్లూ రాసిందంతా అబద్ధమైపోతుందా?

ప్రశ్న: అక్కా, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాకు 28 ఏళ్లు. రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. కాకినాడలో పీజీ చదివేటప్పుడు హాస్టల్లో నా రూమ్మేట్‌ని ప్రేమించాను, తనూ నన్ను ప్రేమించింది. నాలుగేళ్లు కలిసున్నాం. మా రెండిళ్లల్లోనూ ఎవరికీ తెలీదు. విడిపోయి రెండేళ్లు దాటింది కానీ స్నేహం పోలేదు. అప్పట్నుంచీ మారుపేరుతో ఆన్‌లైన్‌లో రాస్తున్నాను, అమ్మాయిలని ప్రేమించే అమ్మాయిల గురించి, ఇళ్లల్లో వాళ్లు పడే నరకం గురించి. ఎక్కడెక్కడి నుంచో పిల్లలు మెసేజ్‌లు పెడుతుంటారు. ఇప్పుడు నాన్నగారి స్నేహితుల ద్వారా ఒక సంబంధం వచ్చింది. ఏదో ఒక వంక పెట్టి తప్పించుకుందామనే పెళ్లిచూపులకి కూర్చున్నాను. తీరా మాట్లాడటం మొదలెట్టాక ఆ అబ్బాయి నిజంగా నచ్చాడు. ఎవరూ బలవంతం చేయలేదు. మొన్న ఈ సంగతి ఆ ఫ్రెండ్‌కే, అంటే నా పాత రూమ్మేట్‌కే చెప్తే, కాలవ గట్టు మీద లాకుల దగ్గర స్కూటీ ఆపేసి, “నీకు ఇంకో దారుంది కాబట్టి వెళ్లిపోతున్నావు, ఇన్నాళ్లూ నువ్వు రాసిందంతా టైంపాస్” అంది. మళ్లీ మాట్లాడలేదు. నేను మోసగత్తెనా? అప్పుడు నిజమా, ఇప్పుడు నిజమా? ఆ అబ్బాయికి చెప్పాలా? రాయడం మానేయాలా? మాఘంలో ముహూర్తం పెడతామంటున్నారు.

సమాధానం: చెల్లీ, చివరి ప్రశ్న నుంచి మొదలెడతాను. రాయడం మానకు. అబ్బాయికి చెప్పాలి, అదీ తాంబూలాలు పుచ్చుకోకముందే చెప్పాలి. నువ్వు మోసగత్తెవి కాదు. కానీ ఇలా మూడు ముక్కల్లో చెప్పేస్తే నీకు ఈ రాత్రి నిద్ర పట్టదని తెలుసు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

“అప్పుడు నిజమా, ఇప్పుడు నిజమా” అన్నావు చూడు, ఆ ప్రశ్న దగ్గరే నువ్వు చిక్కుకుపోయావు. రెండూ నిజమే అయ్యుండొచ్చన్న ఆలోచన నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నాలుగేళ్లు ఒక అమ్మాయిని ప్రేమించినదానివి, ఇప్పుడొక అబ్బాయి మీద మనసు పడింది. దీన్ని బైసెక్సువల్ అంటారని నీకు తెలియక కాదు, అన్నేళ్లుగా ఈ విషయాల మీదే రాస్తున్నదానివి. తెలిసి కూడా ఆ మాట నీకు నువ్వు పెట్టుకోలేదంటే, నీ చుట్టూ ఉన్న రెండు వైపులవాళ్లూ దాన్ని లెక్కలోకి తీసుకోరని నీకు ఎప్పుడో అర్థమైపోయి ఉంటుంది. రాబిన్ ఆక్స్ అని అమెరికాలో ఎన్నో ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్న రచయిత్రి ఒకావిడ ఉంది. ఒకటికంటే ఎక్కువ జెండర్ల మనుషుల మీద ఇష్టం కలిగే అవకాశం తనలో ఉందని ఒప్పుకోవడమే బైసెక్సువల్ అనుకోవడమంటుంది ఆవిడ. ఆ ఇష్టం ఒకే సమయంలో కలగాలని లేదు, ఒకే తీరుగా ఉండాలని లేదు, ఒకే మోతాదులో ఉండాలనీ లేదు. నీ రెండు ప్రేమలూ ఏ మాత్రం ఇరుకు లేకుండా ఇందులో పడతాయి.

ఇప్పుడు నీకు ఇంకొకావిడ కథ చెప్పాలి. లానీ కాహుమాను. అమెరికాలో బైసెక్సువల్ హక్కుల కోసం పనిచేసిన మనిషి. 1943లో పుట్టింది. ఆవిడ గురించి తెలుగులో ఎవరైనా వివరంగా రాస్తే బాగుండునని నాకు చాలాకాలంగా ఉంది. నీలాంటివాళ్లు అడిగినప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది ఆవిడే.

20 ఏళ్లు నిండకముందే, 1963లో, స్కూల్లో ప్రేమించిన అబ్బాయినే పెళ్లి చేసుకుంది. ఇద్దరు పిల్లలు. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న ఊళ్లో కాపురం. పొద్దున లేస్తే వంట, పిల్లల స్కూలు, మొగుడి క్యారేజీ, మన అమ్మలకీ పెద్దమ్మలకీ కొత్తేమీ కాని బతుకు. వియత్నాం యుద్ధం వద్దనే ఊరేగింపులకి వెళ్తూ వెళ్తూ తన గురించి కూడా ఆలోచించుకోవడం మొదలెట్టింది. 70ల మధ్యలో భర్తతో విడిపోయి శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చేసి, పిల్లల తల్లిగా మళ్లీ కాలేజీలో చేరి, అక్కడ స్త్రీల అధ్యయన విభాగాన్ని నిలబెట్టడంలో చెయ్యేసింది. 1979లో డిగ్రీ తీసుకుంది. వాళ్ల కుటుంబంలో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆవిడే. ఈ మధ్యలోనే, 1976లో, తను లెస్బియన్‌నని బాహాటంగా చెప్పుకుంది. ఆ ఊళ్లో ఆ రోజుల్లో లెస్బియన్ ఉద్యమం మంచి ఊపు మీదుంది. స్నేహితులు, మీటింగులు, పని, పేరు, అన్నీ ఆ గూటిలోనే దొరికాయి.

1980 వచ్చేసరికి ఒక మగవాడిని ప్రేమించింది. అతనూ బైసెక్సువలే.

అప్పుడేమైందో నువ్వు ఊహించగలవు. నిన్నటిదాకా భుజాల మీద చేతులేసుకు తిరిగినవాళ్లు మొహం తిప్పుకున్నారు. నీ ఫ్రెండ్ లాకుల దగ్గర అన్న మాటే, వేరే భాషలో, ఆవిడకి ఒకరు కాదు, ఒక సమూహమే అన్నంత పని చేసింది. అటు మామూలు లోకానికి ఆవిడ అప్పటికే చెడిపోయిన మనిషి. రెండు గుమ్మాలూ మూసుకుపోయాయి. అలాంటప్పుడు మనిషికి సులువైన మార్గాలు రెండుంటాయి. పాత జీవితం పొరపాటని చెప్పి కొత్త కాపురంలోకి జారుకోవడం ఒకటి. కొత్త ప్రేమని దాచేసి పాత పేరు నిలబెట్టుకోవడం రెండోది. ఆవిడ ఆ రెండూ చేయలేదు. రాయడం మొదలెట్టింది. బైసెక్సువల్స్ అంటే లెస్బియన్, గే మనుషుల్లో ఉన్న బెరుకూ చిన్నచూపూ గురించి, బయటివాళ్లని కాదు, తన వాళ్లనే నిలదీస్తూ రాసింది. అది ఎంత కష్టమో రాసే నీకు వేరే చెప్పక్కర్లేదు. పరాయివాళ్ల మీద రాయడానికి కోపం చాలు, మనవాళ్ల మీద రాయాలంటే ప్రేమ కూడా ఉండాలి.

రాసి ఊరుకోలేదు. 1983లో ఇంకొందరితో కలిసి బైపోల్ అనే సంఘం పెట్టింది. బైసెక్సువల్స్ కోసం రాజకీయంగా పనిచేసే సంఘాల్లో మొదటివాటిలో అదొకటి. ఆ సంఘం వాళ్లే మరుసటేడు డెమోక్రటిక్ పార్టీ మహాసభ శాన్‌ఫ్రాన్సిస్కోలో జరుగుతుంటే బయట బైసెక్సువల్ హక్కుల ర్యాలీ తీశారు. ఎయిడ్స్ ఊళ్లకి ఊళ్లని తినేస్తున్న కాలం అది. లెక్కల్లో బైసెక్సువల్ మగవాళ్లు ప్రత్యేకంగా లేరు. లెక్కలో లేనివాడికి మందూ రాదు, జాగ్రత్త చెప్పేవాడూ రాడు. డేవిడ్ లూరియా అనే ఆయన, బైపోల్ పెట్టినవాళ్లలో ఒకడు, నగర ఆరోగ్య శాఖ వెంటపడి పోట్లాడితే 1984లో వాళ్ల అధికారిక ఎయిడ్స్ లెక్కల్లో బైసెక్సువల్ మగవాళ్లకి చోటు దొరికింది. ఇది నీకు ఎందుకు చెప్తున్నానంటే, “పేరులో ఏముంది, ఎవరిని ప్రేమిస్తే ఏంటి, అదంతా చెప్పుకోవాలా” అని మంచి మనసుతోనే అనేవాళ్లు నీకు చాలామంది తగులుతారు. పేరు లేకపోతే లెక్కలోనే ఉండరని వాళ్లకి చెప్పు.

1987 అక్టోబర్‌లో వాషింగ్టన్‌లో గే, లెస్బియన్ హక్కుల కోసం పెద్ద ఊరేగింపు జరిగింది. లక్షల్లో జనం. అందులో బైసెక్సువల్స్ అని బ్యానర్ పట్టుకుని నడిచినవాళ్లు ఎంతమందో తెలుసా, సుమారు 75 మంది. మా ఊళ్లో ఒక మోస్తరు పేరంటానికి అంతకంటే ఎక్కువమంది వస్తారు. ఆ ఊరేగింపు కోసం అచ్చేసిన పుస్తకంలో “మనం ఇంకా కనపడుతున్నామా లేదా” అని అర్థం వచ్చే పేరుతో లానీ ఒక వ్యాసం రాసింది. గే, లెస్బియన్ ఉద్యమం దేశం మొత్తానికీ వేసిన ప్రచురణలో బైసెక్సువల్స్ గురించి వచ్చిన మొదటి వ్యాసం అదేనంటారు. ఆ కొద్దిమంది నుంచే దేశవ్యాప్త సంఘం కట్టే పని మొదలైంది. మూడేళ్లకి, 1990లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో జాతీయ సదస్సు పెడితే 400 మందికి పైగా వచ్చారు.

1991లో లొరెయిన్ హచిన్స్‌తో కలిసి “బై ఎనీ అదర్ నేమ్” అని ఒక సంకలనం తెచ్చింది. డెబ్బై మందికి పైగా బైసెక్సువల్ మనుషులు ఎవరి కథ వాళ్లు చెప్పుకున్న పుస్తకం. పెళ్లయినవాళ్లున్నారు, కానివాళ్లున్నారు, దేవుణ్ణి నమ్మేవాళ్లున్నారు. మరుసటేడు దానికి ఒక సాహిత్య బహుమతి పోటీలో చోటిచ్చారు, ఏ విభాగంలో అంటే లెస్బియన్ సంకలనాల విభాగంలో! బైసెక్సువల్ అనే విభాగమే లేదు మరి. పుస్తకం పేరులోనే ఆ సంగతి ఉన్నా వాళ్లకి పెట్టడానికి అర లేదు. అడగ్గా అడగ్గా చాలా ఏళ్లకి ఆ విభాగం వచ్చింది. 1993 ఏప్రిల్ 25న మళ్లీ వాషింగ్టన్‌లో ఊరేగింపు జరిగినప్పుడు దాని పేరులోనే మొదటిసారి “బై” అన్న మాట చేరింది. వేదికెక్కి ఆ లక్షలమంది ముందు బైసెక్సువల్‌గా మాట్లాడింది లానీయే. 1980లో మొహం తిప్పుకున్నవాళ్లలో కొందరు ఆ జనంలో ఉండే ఉంటారని నాకు అనిపిస్తుంది, అది నా ఊహే అనుకో.

ఇదంతా విని “నేను అంత దాన్ని కాదక్కా” అనకు. నిన్ను ఊరేగింపు తీయమని చెప్పడం లేదు. ఆవిడ జీవితంలో నీకు పనికొచ్చే సంగతి ఒక్కటే, ఒక మగవాడిని ప్రేమించడంతో ఆవిడ పని ఆగిపోలేదు, అసలు పని అక్కడే మొదలైంది. న్యూయార్క్‌లో 1970లో జరిగిన మొదటి ప్రైడ్ ఊరేగింపు వెనక పరిగెత్తి పనిచేసిన బ్రెండా హోవర్డ్ కూడా బైసెక్సువలే. 2005లో కన్నుమూసేనాటికి ఆవిడ జీవిత భాగస్వామి మగవాడే. దానివల్ల ఆవిడ చేసిన పని ఏమన్నా తరిగిందా?

నీ రాతల సంగతికొస్తాను. నువ్వు ఇన్నాళ్లూ రాసింది ఒక ఆడపిల్లని ప్రేమించిన ఆడపిల్ల బాధ. అది నువ్వు పడ్డావు, కాబట్టి రాశావు. అందులో ఒక్క వాక్యం కూడా వెనక్కి తీసుకోవాల్సిన పని లేదు. కాకపోతే ఒక ముక్క మిగిలిపోయింది, ఇప్పుడు అది రాయాలి. నీకు మెసేజ్‌లు పెట్టే పిల్లల్లో నీలాంటివాళ్లు తప్పకుండా ఉంటారు. క్లాసులో ఒక అమ్మాయి మీదా, ట్యూషన్‌లో ఒక అబ్బాయి మీదా మనసు పోయి, నాకేదో తేడా ఉందని తలుపేసుకు ఏడ్చేవాళ్లు. వాళ్ల కోసం తెలుగులో ఇప్పటికీ చాలా తక్కువుంది, చెల్లీ. రాసేటప్పుడు ఊరు, కాలేజీ, పెళ్లి తేదీ, అబ్బాయి ఉద్యోగం లాంటివి ఏవీ రానీకు. నీ పాత పాఠకుల్లో కొందరికి కోపమొస్తుంది, తిడతారు కూడా. వాళ్లతో ఆ వారమంతా వాదనకి దిగకు. మారుపేరు ఉంచుకో. అందులో పిరికితనం ఏమీ లేదు. కోనసీమలో ఒక మాట లంక నుంచి లంకకి పడవ కంటే ముందు దాటుతుంది, నీకు తెలియంది కాదు.

ఫ్రెండ్ గురించి. తను అన్నది తప్పు, ఆ మాట నీకు తగలకూడని చోట తగిలింది. కానీ తన వైపు నుంచి ఒక్కసారి చూడు. రేపు మీ అమ్మా నాన్నా శుభలేఖల అంచులకి పసుపు రాసి ఊరంతా పంచుతారు. తను మళ్లీ ఒకమ్మాయిని ప్రేమిస్తే ఆ ప్రేమకి శుభలేఖ లేదు, ఈ దేశంలో ఇప్పటికీ చట్టమూ లేదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇది నేరం కాదంది, అంతవరకు గొప్పే, కానీ 2023 అక్టోబర్ 17న పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేమంది. తన ఇంట్లోనూ సంబంధాలు చూస్తూనే ఉంటారు కదా. నీకు ఈ పెళ్లి ఇష్టంగా జరుగుతోంది, తనకి ఏ పెళ్లి జరిగినా అది శిక్షే. ఆ కోపంలో నీ వంతు చాలా కొంచెం, మిగతాదంతా ఆ వ్యవస్థ మీదిది, ఎదురుగా దొరికింది నువ్వు. అర్ధరాత్రి ఫోన్లు చేసి క్షమించమని అడగకు, నువ్వు చేసిన నేరం లేదు. తోడపెళ్లికూతురిగా రమ్మని పొరపాటున కూడా అడగకు, అది చాలా క్రూరం. ఒక్క మెసేజ్ పెట్టు: మన నాలుగేళ్లు నాకు నిజం, ఎవరడిగినా నా మనసులో అదే ఉంటుంది, నీకు మాట్లాడాలనిపించినప్పుడు నేనుంటాను, అని. తర్వాత తన ఇష్టానికి వదిలెయ్. తిరిగి రాకపోవచ్చు. ఆ బాధ ఉంటుంది, పెళ్లి సంతోషం దాన్ని తుడిచేయదు, తుడిచేయాలని ప్రయత్నించకు కూడా.

ఇక అబ్బాయికి చెప్పే సంగతి. చెప్పకపోతే ఏమవుతుంది, పాతవన్నీ ఎవరు చెప్పుకుంటున్నారు అని చాలామంది సలహా ఇస్తారు. పాత ప్రేమలన్నీ జాబితా రాసి ఇవ్వాలని నేనూ అనను. కానీ నీ విషయం పాత ప్రేమతో అయిపోలేదు. నువ్వు రోజూ ఈ విషయాల మీద రాస్తావు, ఫోన్లో ఆ పిల్లల మెసేజ్‌లుంటాయి, పెళ్లయ్యాక పక్క మంచం మీద కూర్చుని వాటికి దాక్కుంటూ జవాబులివ్వాలంటే అది కాపురం కాదు, కాపలా. అందుకని చెప్పు.

ఎలా చెప్పాలంటే, వాట్సాప్‌లో రాయకు. అతను మంచివాడే అయ్యుండొచ్చు, స్క్రీన్‌షాట్ మాత్రం అతని చేతిలోంచి జారి వాళ్ల మేనత్త చేతిలో పడొచ్చు. ఇంట్లో వద్దు. పుష్కర ఘాట్ కూడా వద్దు, సాయంత్రం హారతికి మీ ఊరివాళ్లెవరో ఒకరు తగలకుండా ఉండరు. పగటిపూట, నాలుగు టేబుళ్ల అవతల జనం ఉండే హోటల్లో, ఎవరి బండి మీద వాళ్లు వచ్చి కూర్చోండి, మాట బెడిసికొడితే లేచి ఎవరి దారిన వాళ్లు వెళ్లేలా. ఏడుస్తూ, తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పకు. “నేనింతకుముందు ఒకమ్మాయిని ప్రేమించాను, అది అయిపోయింది, నేను బైసెక్సువల్‌ని, ఇప్పుడు నువ్వంటే ఇష్టం, పెళ్లయ్యాక కూడా వీటి మీద రాస్తాను” అంటే చాలు. ఆ అమ్మాయి పేరు, ఊరు, చదివిన కోర్సు, ఒక్కటీ చెప్పకు, అతను ఎంత మంచిగా అడిగినా సరే. నీ సంగతి చెప్పుకునే హక్కు నీకుంది, తన సంగతి చెప్పే హక్కు నీకు లేదు.

అతనికి టైమివ్వు. మొహం మాడ్చుకున్నా, రెండ్రోజులు ఫోన్ ఎత్తకపోయినా అది చెడ్డ గుర్తేమీ కాదు, మనవాళ్ల అబ్బాయిలకి ఈ మాటలు ఎవరు చెప్పారు గనక? “అయితే నన్ను వదిలి ఇంకో అమ్మాయితో వెళ్లిపోతావా” అని అడుగుతాడు, చాలామంది అడుగుతారు. మాట ఇచ్చి నిలబడటం మనిషిని బట్టి ఉంటుంది, ఎవరి మీద ఇష్టం కలుగుతుందన్నదాన్ని బట్టి కాదు, అదే చెప్పు. నేను భయపడేది వేరే రెండింటికి. కళ్లు మెరిసి, “అయితే మన మధ్యకి తననీ పిలుద్దామా” అన్నాడంటే లేచి వచ్చెయ్. “సరేలే, పెళ్లయితే అదే పోతుంది, రాయడం మానెయ్” అన్నా కూడా ఆ పెళ్లి గురించి మళ్లీ ఆలోచించు, అతను ఒప్పుకున్నది నిన్ను కాదు, నీలో సగాన్ని. బయటపెడతానని బెదిరిస్తే భయపడి డబ్బో మాటో ఇవ్వకు, మెసేజ్‌లు భద్రంగా ఉంచుకుని లాయర్‌ని కలువు.

అమ్మానాన్నలకి ఇప్పుడే చెప్పి తీరాలని నేననను. అది నీ ఇష్టం, నీ వీలు. విక్రమ్ సేఠ్ పేరు వినే ఉంటావు, అంత పెద్ద నవలాకారుడు, బైసెక్సువల్ అని బయటకి చెప్పుకున్నవాడు, 2006లో ఇలాంటి ప్రేమని నేరమనే సెక్షన్ 377 తీసేయమని బహిరంగ లేఖ రాయించినవాళ్లలో ముందున్నవాడు. 2013 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని మళ్లీ నిలబెట్టినప్పుడు, గడ్డం మాసి, తల చెదిరి, “నేరస్థుణ్ణి కాను” అన్న పలక పట్టుకుని ఒక ఇంగ్లీషు వారపత్రిక ముఖచిత్రం మీద నిలబడ్డాడు. వాళ్లమ్మ లీలా సేఠ్ హైకోర్టు చీఫ్ జస్టిస్‌గా చేసిన మొదటి మహిళ. అంతటావిడకీ కొడుకు సంగతి మొదట్లో మింగుడుపడలేదు, ఆ మాట ఆవిడే తన ఆత్మకథలో రాసుకుంది. అదే తల్లి 2014లో ఆ తీర్పుని తప్పుపడుతూ, తల్లిగా, జడ్జిగా, పేపర్లో వ్యాసం రాసింది. మధ్యలో ఎన్ని ఏళ్లు పట్టాయో చూడు. మీ అమ్మకీ టైం పడుతుంది.

ఒకవేళ ఇంట్లో తెలిసి, డాక్టరు దగ్గరికో స్వామీజీ దగ్గరికో తీసుకెళ్లి “బాగు చేయిస్తాం” అంటే, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇది జబ్బు కాదు. మార్చేస్తామని మందులిచ్చే డాక్టరుది వృత్తిపరమైన తప్పిదమని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. ఆ మాట వాళ్లతో నువ్వు ధైర్యంగా చెప్పొచ్చు. మనసు మరీ బరువెక్కితే 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్, ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నీకు మెసేజ్‌లు పెట్టే పిల్లలకి కూడా ఆ నంబరు ఇచ్చి ఉంచు.

మాఘం అంటే సంక్రాంతి వెళ్లగానే. పండక్కి పెద్దవాళ్లందరూ ఒకచోట కూడినప్పుడు తాంబూలాల మాట తప్పకుండా వస్తుంది, ఆ తర్వాత ఆపడం నీ వల్లా కాదు, అతని వల్లా కాదు. కాబట్టి భోగికి ముందే ఒక ఆదివారం చూసుకుని అతన్ని రమ్మను. ఏమన్నాడో నాకు రాయి.